మనసుకు కూడా జ్వరం వస్తుంది

ఒళ్లు వెచ్చబడితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. నాయన పొలం కాడి నుంచి వస్తూ వస్తూ గోలీలు తెస్తాడు. పక్కింటి అవ్వ గడపలో నిలబడి "జర జావ తాగించున్రి" అని చెప్పిపోతుంది. సెలవుచీటీలో "జ్వరం" అని రాస్తే ఏ అధ్యాపకుడూ కాదనడు. కాని మనసు వెచ్చబడితే? "నాలుగు రోజుల నుంచి మనసు బాగలేదు, సెలవు ఇప్పించగలరు" అని రాసే ధైర్యం మనలో ఎందరికుంది? రాస్తే, చదివి నవ్వకుండా సంతకం చేసే పెద్దలెందరున్నారు?

మనసు గాలిలో తేలే వస్తువేమీ కాదు. తిండి, నిద్ర, పని, అప్పు, మాట, మర్యాద, వీటన్నిటితో ముడిపడి ఈ దేహంలోనే ఉన్నది. దానికి అలసట ఉంది, గాయం ఉంది, జబ్బు ఉంది; జబ్బుకు మందూ ఉంది. ఇంత చిన్న సత్యాన్ని ఒప్పుకోవడానికి మనమెందుకు సిగ్గుపడుతున్నామన్నది నా ప్రశ్న. ఆ సిగ్గు విడిచి రోజువారీ బతుకులో మనసును ఎట్లా చూసుకోవాలి, మన విద్యార్థి సంఘం చేయవలసిందేమిటి అన్నవి నేను చెప్పదలచుకున్న మాటలు.

మాటలు మనకున్నయి

"డిప్రెషన్, టెన్షన్ ఇవన్నీ పట్నపోళ్ల రోగాలు. మన ఊరోళ్లకెక్కడియి?" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. వారు తమ ఇంట్లో అవ్వ మాట్లాడే భాషను ఒకసారి చెవి ఒగ్గి వినాలి. "పోరడు రంది పెట్టుకున్నడు" అంటుంది అవ్వ. "కొడుకు దుబాయి పోయిన కాన్నుంచి మనాదితోని మంచం పట్టింది" అంటుంది. "పొద్దుగూకితే బుగులైతది" అంటుంది. "ఏం చెయ్యబుద్ధైతలేదు, యాష్టకొస్తున్నది" అంటుంది. రంది వేరు, మనాది వేరు, బుగులు వేరు, యాష్ట వేరు. ఒకే ఆలోచన మనసును పురుగోలె తొలిస్తే అది రంది. తొలిచి తొలిచి ఒంటికి దిగి మనిషిని మంచాన పడేస్తే మనాది. కారణం తెలియకుండా గుండె దడదడలాడితే బుగులు. పని మీదా మనుషుల మీదా విసుగు పుట్టి చెయ్యి సాగకపోతే యాష్ట. పెద్దాసుపత్రిలో వైద్యుడు విడివిడిగా రాసుకునే లక్షణాలకు మన అవ్వలు ఎన్నడో విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. రోగం పట్నం నుంచి వచ్చిందే అయితే పల్లె నోట ఇన్ని పేర్లు ఎట్లా పుట్టాయి?

పేర్లయితే ఉన్నాయి, పదిమందిలో చెప్పుకునే వీలే లేదు. పత్రికల జిల్లా పేజీ తిరగేయండి. "కడుపునొప్పి భరించలేక ఆత్మహత్య" అనే వార్త ఎన్నిసార్లు కనబడుతుందో లెక్కపెట్టండి. నిజంగా కడుపునొప్పితో నరకయాతన పడినవారూ అందులో ఉంటారు, కాదనను. కాని ఊరూరా ఇంతమందికి ఇంత కడుపునొప్పి ఎక్కడిది? అప్పు అని రాస్తే ఒక తంటా, ఇంట్ల లొల్లి అని రాస్తే ఇంకో తంటా, మతి బాగలేదని రాస్తే చెల్లె పెండ్లి ఆగుతుందని భయం. అందుకని నేరం కడుపు మీదికి నెట్టేస్తాం. మనిషి పోయిన తర్వాత కూడా అతని మనసు నొప్పిని మనసు నొప్పి అని చెప్పలేని సమాజం మనది.

"ఎర్రగడ్డకు తోలాలె వీన్ని" అని మనం క్లాసులో ఎంత తేలికగా అంటాం! ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. జబ్బు పడ్డవారు పోయి, మందులు తీసుకుని, ఇంటికి తిరిగివచ్చే చోటు. గుండె ఆసుపత్రి పేరును ఎవరూ తిట్టుగా వాడరు. దీన్ని మాత్రం తిట్టు చేశాం. ఆ తిట్టు విన్న స్నేహితుల్లో ఒకరు ఆ రోజే వైద్యుడి దగ్గరికి పోదామా వద్దా అని ఊగిసలాడుతూ ఉండవచ్చు. మన ఎగతాళి వారి కాళ్లకు బంధం వేస్తుంది.

చట్టం మనకంటే ముందుకు నడిచింది. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలని, శిక్షించకూడదని, సంరక్షణ అందించాలని ఆ చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహిత అమలులోకి రావడంతో పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ కూడా పోయింది. రాజ్యం అతన్ని నేరస్థుడు కాదన్నది. మన వాడకట్టు ఇంకా అంటలేదు.

మన చుట్టూ ఉన్న బరువులు

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో పన్నెండు రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని, వారిలో ఎక్కువమందికి ఏ చికిత్సా అందడం లేదని తేల్చింది. ఆ లెక్కను మన మండలానికి అన్వయించి చూడండి. నర్మాల, లింగన్నపేట, గోరంట్యాల, ఏ ఊరయినా సరే, ఒక వాడకు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. మనకు కనబడడం లేదంటే లేరని అర్థం కాదు, దాచిపెడుతున్నారని అర్థం.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బరువులున్నాయి. సిరిసిల్లలో సాంచె నడిపే కార్మికుడిని చూడండి. పన్నెండు గంటల పాళీ. పగటి పాళీ ఒక వారం, రాత్రి పాళీ ఒక వారం. నాలుగైదు సాంచెల నడుమ నిలబడితే పక్క మనిషి మాట వినబడదు. ఇంటికి వచ్చినా చెవుల్లో ఆ మోతే. నిద్ర వేళలు తలకిందులైతే మెదడు తట్టుకోలేదన్నది వైద్యులందరూ చెప్పే మాట. దాని మీద కూలి గిట్టుబాటు కాకపోవడం, నూలు ధర పెరగడం, మైక్రో ఫైనాన్స్ వారం వారం కిస్తీ. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు సాంచెలకు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ పని ఆగినప్పుడు సాంచెలు మూగబోయాయి, నేతన్నల చావులు మళ్లీ పత్రికలకెక్కాయి. ఒక పట్టణం మనసు ఆర్డరు కాగితం మీద ఆధారపడి ఉంటుందా అంటే, ఉంటుంది. ఆర్డరు వచ్చినప్పుడు ఆసామికి, కార్మికుడికి పట్టే నిద్ర ఏ గోలీతోనూ పట్టదు.

ఇక గల్ఫ్ సంగతి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, గంభీరావుపేట, ఏ బస్టాండులో నిలబడినా దుబాయి, మస్కట్, సౌదీ మాట వినబడని రోజు లేదు. అక్కడ ఎండలో పనిచేసే మనిషి ఫోన్‌లో "నేను మంచిగనే ఉన్న" అంటాడు. ఇక్కడ భార్య కూడా "మేము మంచిగనే ఉన్నం" అంటుంది. ఇద్దరూ అబద్ధమే ఆడతారు. ఇద్దరూ ప్రేమతోనే ఆడతారు. నిజం ఇద్దరి గుండెల్లోనూ గడ్డకట్టుకుపోతుంది. ఆ ఇంటి పిల్లలు మన క్లాసుల్లోనే ఉన్నారు.

బీడీల సంగతీ అంతే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, తునికాకు చుడుతూ పొద్దంతా గడిపే తల్లులు, అక్కలు. కాలేజీ నుంచి పోయి అమ్మకు తోడుగా చాట పట్టుకునే విద్యార్థినులు మనలో తక్కువేమీ లేరు. "రోజూ పొద్దున అరగంట నీకోసం నువ్వు కేటాయించుకో" అని వారికి బోధించేవాడు ముందుగా ఆ అరగంట బీడీలు ఎవరు చుడతారో చెప్పాలి.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మనసును చూసుకోవడమంటే సబ్బులు, సువాసనల కొవ్వొత్తులు కొనుక్కోవడమన్నట్టు ఈ రోజుల్లో ఒక ప్రచారం నడుస్తున్నది. డబ్బున్నవారు కొనుక్కోనీ, నాకేమీ అభ్యంతరం లేదు. కాని గంభీరావుపేట విద్యార్థికి కావలసింది ఖర్చు లేనిది, ఇరుకింట్లో కూడా సాధ్యమయ్యేది.

విద్యార్థి మెడ మీది కత్తి

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు జరిగినది మనం మరిచిపోకూడదు. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులలోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అదే ఫలితాలలో తెలుగు పేపరులో సున్నా వచ్చిందని చూపిన ఒక అమ్మాయికి, తిరిగి చూస్తే వచ్చినవి 99 మార్కులు! కాగితం మీద అంకె తప్పు పడవచ్చు, దిద్దుకోవచ్చు. ప్రాణం పోతే దిద్దుకోవడానికి పేపరు ఉండదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 2022 ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఒక్కొక్కరి వెనుక ఒక ఇల్లు ఉంది. ప్రతి ఇంట్లో "అడిగితే అయిపోవునేమో, ఒక్క మాట అడగలేదే" అని కుమిలిపోయే తల్లి ఉంది.

అట్లాగని అన్నింటికీ పరీక్ష ఒక్కటే కారణమని నేను అనడం లేదు. ఆత్మహత్యకు ఒకే ఒక్క కారణం సాధారణంగా ఉండదు. చాలాకాలంగా పేరుకున్న బరువు మీద చివరి గడ్డిపోచ పడుతుంది. మనం ఆ గడ్డిపోచనే చూస్తాం. అందుకే చివరి రోజున చేసే హడావిడి కంటే రోజూ బరువు దించుకునే అలవాటు ముఖ్యం.

"మా కాలంల ఇవన్నీ ఉన్నయా?"

పెద్దలు వేసే ప్రశ్న ఇది. గౌరవంతోనే జవాబు చెబుదాం. అయ్యా, మీ కాలంలో ఉన్నాయి. పొద్దుగూకితే అరుగు ఉంది. అరుగు మీద పదిమంది ఉన్నారు. నాటువేసేటప్పుడు పాట ఉంది; పాటలో అత్తను తిట్టుకున్నా, మొగుణ్ణి తిట్టుకున్నా తప్పు పట్టేవారు లేరు. తొమ్మిది రోజులు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడబిడ్డలు తమ కష్టసుఖాలు కలబోసుకున్నారు. చావు జరిగితే పదకొండు రోజులు ఇంటినిండా మనుషులుండి ఏడవనిచ్చారు. ఇవన్నీ మనసుకు వైద్యమే. పేరు వైద్యం కాదు, అంతే. ఇప్పుడు అరుగు పోయి గేటు వచ్చింది. నాటుకు పాట బదులు ఫోన్‌లో పాట వచ్చింది. మందు పోయింది, రోగం మిగిలింది.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ కాలమంతా స్వర్గమేమీ కాదు. "దయ్యం పట్టింది" అని వేపమండలతో కొట్టించుకున్న కోడండ్లు ఆ కాలంలోనే ఉన్నారు. వెనుకటి మంచిని తెచ్చుకుందాం, చెడును అక్కడే వదిలేద్దాం.

రోజూ చేసుకోవలసినవి

మొదటిది నిద్ర. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని చదివానని గొప్పగా చెప్పుకోవడం మన కాలేజీలో ఒక ఆచారం. చదివినది జ్ఞాపకంలో కుదురుకునేది నిద్రలోనే. ఏడెనిమిది గంటలు నిద్రపోయినవాడు మందమతి కాడు, తెలివిగలవాడు. పడుకునే గంట ముందు ఫోను పక్కగదిలో పెట్టాలి. పక్కగది లేని ఇంట్లో అయితే అమ్మ చేతికి ఇవ్వాలి. రాత్రి పన్నెండింటికి ఇతరుల పెండ్లిళ్లు, కార్లు, ర్యాంకులు చూస్తూ పడుకున్నవాడికి మంచి కలలు రావు.

రెండవది నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం నూటయాభై నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం కావాలంటుంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట నడక. దానికి జిమ్ము అక్కరలేదు. మన మండలంలో నర్మాల దగ్గర ఎగువ మానేరు కట్ట ఉంది. పొలాల గట్లు ఉన్నాయి. ఒక స్నేహితుడితో కట్ట మీద నడిస్తే ఒంటికి వ్యాయామం, నోటికి మాట, కండ్లకు నీళ్లు, మూడూ ఒక్కసారే దొరుకుతాయి.

మూడవది మాట. మనసులోని సంగతి విప్పి చెప్పుకోవడానికి ప్రతివారికీ ఒక్క మనిషైనా ఉండాలి. మగపిల్లలకు ఇది మరీ కష్టం. "మొగోడివైయుండి ఏడుస్తవా?" అని చిన్నప్పుడే నోరు కుట్టేశారు. ఏడ్వని కన్ను ఎక్కడికి పోతుంది? చాలాసార్లు కల్లు కాంపౌండుకు పోతుంది. లేదా ఇంట్లో ఆడవారి మీద చెయ్యెత్తడానికి పోతుంది.

కల్లు మాట వచ్చింది కాబట్టి ఆగి చెప్పవలసిన సంగతి ఒకటుంది. చెట్టు నుంచి దించిన కల్లు వేరు. అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తు మందులు కలిపి అమ్మే కల్తీ కల్లు వేరు. ఉత్తర తెలంగాణలో ఈ బెడద పాతదే. దానికి అలవాటు పడినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనబడటం, మతి తప్పడం జరుగుతుంది. 2015లో కల్తీ కల్లు సరఫరా ఆగినప్పుడు ఎందరో ఇట్లాగే ఆసుపత్రుల పాలయ్యారు. చూసినవారు "పిచ్చి లేసింది" అన్నారు. అది మత్తుమందు విరమణ బాధ. ఇంట్లో ఎవరయినా ఇట్లా అలవాటు పడి ఉంటే తాళం వేసి మాన్పించవద్దు. వైద్యుడి సలహాతో మెల్లమెల్లగా మాన్పించాలి. సారా, విస్కీ సంగతి కూడా ఇంతే. తాగినప్పుడు రంది మరిచినట్టే ఉంటుంది. తెల్లారేసరికి అసలూ వడ్డీ కలిపి తిరిగివస్తుంది.

నాలుగవది, చేతికి ఒక పని. మార్కులకు, డబ్బుకు సంబంధం లేని పని. ముగ్గు వేయడం, వాలీబాల్ ఆడటం, చెట్లకు నీళ్లు పోయడం, డప్పు కొట్టడం, గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయడం, ఏదైనా సరే. బీడీలు చుట్టే అమ్మాయికి సమయం ఎక్కడిదని మొదట అడిగాను కదా, ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంటి మగపిల్లల చేతిలో ఉంది. నీళ్లు పట్టడం, గిన్నెలు తోమడం తమ్ముడు పంచుకుంటే అక్కకు అరగంట దొరుకుతుంది. ఇంట్లో ఒకరి విశ్రాంతి మరొకరి చేతి సాయం మీదనే నిలబడుతుంది.

గుట్ట మీది దేవుడు, గుట్ట కింది డాక్టరు

మన ప్రాంతంలో మతి బాగలేని మనిషిని ముందుగా తీసుకుపోయే చోటు కొండగట్టు. అంజన్న సన్నిధిలో పదకొండు రోజులు ఉంటే బాగవుతుందని నమ్మకం. హేతువాద మిత్రులు దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టేస్తారు. నేను అంత తొందరగా కొట్టేయను. ఆ పదకొండు రోజులు ఇంటిల్లిపాదీ ఆ మనిషి కోసం పనులు మానుకుని పక్కన కూర్చుంటారు. వేళకు లేపుతారు, స్నానం చేయిస్తారు, ప్రదక్షిణలు చేయిస్తారు, తినిపిస్తారు. ఒక్క మాట తిట్టరు. అంత శ్రద్ధ దొరికితే సగం రోగికి ఊరట కలగదా?

కాని మిగిలిన సగం మాట కూడా చెప్పాలి. ఎవరికీ వినబడని మాటలు వినబడటం, తనను చంపడానికి కుట్ర జరుగుతున్నదని నమ్మడం వంటి జబ్బులు శ్రద్ధ ఒక్కదానితో తగ్గవు, మందులు కావాలి. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. నమ్మకం పేరున మనిషిని కట్టేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దేశమంతా చూసింది. దర్గా సమీపంలోని ఒక ప్రయివేటు ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక ఇరవై మందికి పైగా కాలిపోయారు. 2017 చట్టం రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. గుజరాత్‌లో ఉనావా దగ్గరి మీరా దాతార్ దర్గాలో "దవా–దువా" పేరుతో ప్రార్థనకు వచ్చినవారికి అక్కడికక్కడే వైద్యుడి చేత మందు ఇప్పించే పద్ధతి నడిపారు. అంజన్న గుట్ట దగ్గర కూడా అట్లాంటి ఏర్పాటు నిలకడగా సాగాలని మనం అడగాలి. మొక్కు మొక్కండి, ముడుపు కట్టండి. దిగివచ్చేటప్పుడు డాక్టరుకు చూపించండి. దేవుడు ఏమీ అనుకోడు.

ఆసుపత్రి అంటే ఇప్పుడు ఎర్రగడ్డ దాకా పోవలసిన పని కూడా అన్నివేళలా లేదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఎప్పుడు పోవాలి? రెండు వారాలు వరుసగా మనసు కుంగి ఉండటం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడటం, "నేను దేనికీ పనికిరాను" అనిపించడం, ఇట్లాంటివి పనిని, చదువును ఆపేస్తుంటే వైద్యుడి దగ్గరికి పోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు లెక్కపెట్టవద్దు. ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని "ఏం ఫాయిదా లేదు" అని పారేయవద్దు; బాగయిందనిపించగానే మనంతట మనం ఆపవద్దు.

సంఘం చేయవలసినది

"నీ మనసును నువ్వే చూసుకో" అని చెప్పి చేతులు దులుపుకోవడం సులువు. కూలి పెరగనిదే, కిస్తీవాడి బెదిరింపులు ఆగనిదే, ఫలితాల్లో తప్పులు లేకుండా చూడనిదే ఎన్ని ప్రాణాయామాలు చేసినా పూర్తి శాంతి రాదు. పొద్దున శ్వాస మీద ధ్యాస పెట్టినవాడు మధ్యాహ్నం కూలి కోసం ఊరేగింపులో నడవడం కూడా ఆరోగ్యమే. ఒంటరి రంది పదిమంది రంది అయినప్పుడు అది ఉద్యమమవుతుంది. ఉద్యమంలో ఉన్నవాడికి తాను ఒంటరివాడినన్న బాధ తగ్గుతుంది. ఈ రెండు పనులను విడదీయవద్దని నా అభిప్రాయం.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సిలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో కనీసం ఒక్కరు ఉండాలి. అంతకు తక్కువ ఉన్నచోట బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సహాయ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరుచేయడం, పదిమందిలో అవమానించడం మానాలి. ఇవి మనం భిక్షగా అడిగేవి కావు. అత్యున్నత న్యాయస్థానం చెప్పినవి. మన సంఘం ఎన్నికల వాగ్దానాల్లో క్రికెట్ కిట్లకూ, ఫ్రెషర్స్ డేకూ ఉన్న చోటు వీటికి కూడా ఉండాలి.

పైసా ఖర్చు లేకుండా రేపే చేయగలిగినవి మరి నాలుగు చెబుతాను. ఒకటి, నోటీసుబోర్డు మీద 14416 అంకెను గజమంత అక్షరాలతో రాయించడం. రెండు, ఫలితాలు వచ్చే వారంలో ఫెయిలైన ప్రతి విద్యార్థి ఇంటికి ఇద్దరు స్నేహితులు పోవడం. ఓదార్పు ఉపన్యాసాలు వద్దు. చాయ తాగి, సప్లిమెంటరీ ఫీజు చివరి తేదీ చెప్పి రండి. మూడు, ర్యాగింగ్ పేరున కులాన్ని, రంగును, ఒడ్డూ పొడుగును ఎగతాళి చేయడం ఆపడం. నాలుగు, క్లాసుకు ఇద్దరు చొప్పున వినేవాళ్లను తయారుచేసుకోవడం.

వినడం ఒక విద్య. స్నేహితుడు మనసు విప్పినప్పుడు "గింత దానికేనా?" అనవద్దు. మన కష్టం తీసి అతని కష్టం పక్కన పెట్టి కొలవవద్దు. సలహాల మూట విప్పవద్దు. "ఇంకా చెప్పు" అనండి, చాలు. అనుమానం వస్తే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం వట్టిది. అడిగినందుకు చాలామందికి గుండె తేలికపడుతుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలవద్దు. "ఎవరికీ చెప్పనని ఒట్టు" వేయవద్దు. పెద్దవారికి, వైద్యుడికి చెప్పవలసిందే. స్నేహితుడి కోపం నాలుగు రోజులుంటుంది. స్నేహితుడు ఉండాలి గదా కోపం చేయడానికి!

అధ్యాపక మహాశయులకు ఒక మనవి. హాజరు పట్టీలో వరుసగా గీతలు పడుతున్న పేరు కనబడితే, జరిమానా వేసేముందు "ఏం బిడ్డా, పానం మంచిగుందా?" అని ఒక్క మాట అడగండి. కొందరికి ఆ రోజు అడిగిన మనిషి మీరొక్కరే కావచ్చు. పూర్వ విద్యార్థులకు మరో మనవి. ఈ కాలేజీలో ఫెయిలై, మళ్లీ రాసి, నేడు నలుగురికి అన్నం పెడుతున్నవారు మీలో ఉన్నారు. వార్షికోత్సవ వేదిక మీద మీ ర్యాంకుల కథలు చాలా విన్నాం. ఒక్కసారి మీరు ఫెయిలైన ఏడాది కథ చెప్పండి. మా ముందు వరుసలోని పిల్లలకు అదే ఎక్కువ అక్కరకు వస్తుంది.

చివరగా విద్యార్థినీ విద్యార్థులారా, ఈ సంచిక చదువుతున్న మీలో ఎవరికైనా కొంతకాలంగా తెల్లవారడమే భారమనిపిస్తుంటే, అది మీ చేతగానితనం కాదు. జ్వరం వచ్చినవాణ్ణి ఎవరూ పిరికివాడు అనరు. నుదుటి మీద ఒక చెయ్యి పడాలంటే ముందు మన నోటి నుంచి ఒక మాట రావాలి. ఈ రాత్రి ఒక్కరికి చెప్పండి. చెప్పడానికి ఎవరూ లేరనిపిస్తే 14416 ఉంది. మనసు బాగున్నవారు రేపు పొద్దున కాలేజీకి వచ్చేటప్పుడు, చాలా రోజులుగా మౌనంగా ఉంటున్న ఆ వెనుక బెంచీ స్నేహితుడి పక్కన పోయి కూర్చోండి.